మామ్మ పేరున్న చరణం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక మనిషికి పేరు లేదు. ఆవిడ మా మామ్మ, మా నాన్నను కన్న తల్లి. నాన్నను కని పురిటి మంచం మీదే కన్ను మూసింది. ఆవిడ మాట వచ్చినప్పుడు ఇంట్లోవాళ్ళు "ఆవిడ" అనేవారు. ఊళ్ళో పెద్దవాళ్ళు "అల్లవరప్పిల్ల" అనేవారు. ఆ రెండు మాటలతోనే ఆవిడ జీవితం మొత్తం సరిపెట్టేశారు.

ఇప్పటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మాది సఖినేటిపల్లి రేవు. మా తాతయ్య అక్కడినుంచి నరసాపురానికి పడవ నడిపేవాడు. ఆ రోజుల్లో మా రేవులో కోడలిగా వచ్చిన ఆడమనిషిని పుట్టింటి ఊరి పేరుతోనే పిలిచేవారు. మొగుడు పెళ్ళాం పేరు ఎత్తేవాడు కాదు, పెళ్ళాం మొగుడి పేరు ఎత్తేది కాదు. ఎత్తితే అవతలివాళ్ళకు ఆయువు తగ్గుతుందని నమ్మకం. నాన్నను పెంచిన మేనత్త ఆవిడను "మా మరదలు" అనేదట. ఆ మేనత్తా పోయింది. ఇక పేరు పెట్టి పిలిచినవాళ్ళు పుట్టింటివాళ్ళే. వాళ్ళది అల్లవరం అవతల సముద్రపొడ్డున ఒక చిన్న పల్లె. అది ఉప్పెనలో కొట్టుకుపోయింది. పెద్దలకు పెట్టుకునే రోజున మా వాళ్ళు "పెద్దలు" అనే చేతులు జోడించేవారు తప్ప పేర్లు చదివించే అలవాటు లేదు. అలా ఆవిడ పేరు అన్ని చోట్లనుంచీ జారిపోయి ఒక్కచోట మిగిలింది. అది మా తాతయ్య కట్టిన ఒక పాట.

మా తాతయ్య పాటలు కట్టేవాడు. తనే కట్టి తనే పాడేవాడు. అక్షరం ముక్క రాదు. తెడ్డు వేస్తూ వేస్తూ మనసులో మాటలు పేర్చుకునేవాడు. ఇవతలి రేవులో పడవ విప్పినప్పుడు కూనిరాగంగా ఉన్నది అవతలి రేవు తగిలేసరికి పల్లవి అయ్యేది. చెట్టెక్కినవాడి మీద, చేప తప్పించుకున్నవాడి మీద, కొత్తగా వచ్చిన తాసీల్దారు తలపాగా మీద పాటలు కట్టాడు. పడవెక్కినవాళ్ళు రేవు దగ్గర పడుతున్నకొద్దీ, "ఇంకొక్కటి, ఇంకొక్కటి" అనేవారు. పాట అయ్యేదాకా దిగకుండా కూర్చున్నవాళ్ళను నేనే చూశాను. ఆ గొంతులో తీపి ఏమీ ఉండేది కాదు. ఏటికి అవతల ఉన్న మనిషిని కేకేసే గొంతు అది. అయినా ఆ కేక మనకోసమే అన్నట్టు ఉండేది. సొంతంగా పాట కట్టి పాడేవాడిలో ఉండే ఆకర్షణ అదే అనుకుంటాను. వేరేవాళ్ళు పాడితే పాట వింటాం. కట్టినవాడు పాడితే ఆ మాట మొదటిసారి ఎందుకు అన్నాడో కూడా వినిపిస్తుంది.

పాట కట్టినవాడు చివరి చరణంలో తన పేరు పెట్టుకోవడం పూర్వంనుంచీ ఉన్న వాడుక. పాట ఎంత దూరం పోయినా కట్టినవాడి పేరు దాని వెంట పోతుందని. మా తాతయ్య కూడా అన్ని పాటల్లోనూ తన పేరు పెట్టుకున్నాడు, ఒక్క పాటలో తప్ప. అందులో తన పేరు తీసేసి పెళ్ళాం పేరు పెట్టాడని రేవులో ముసలివాళ్ళు చెప్పుకుని నవ్వుకునేవారు గాని, ఆ పేరేమిటో వాళ్ళకూ గుర్తు లేదు. ఆవిడ పోయాక ఆ పాట మా ఇంట్లో పాడలేదు. మా నాన్న కూడా వినలేదు.

నాకు చెల్లెలు పుట్టింది. నాకూ దానికీ మధ్య ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. అందుకని మా అమ్మ చిన్నదానికి ఏదైనా నీచపు పేరు పెట్టాలని పట్టుబట్టింది. పిల్లలు దక్కని ఇళ్ళలో పుట్టిన బిడ్డను దిబ్బ మీద పడుకోబెట్టి తీసుకుని, యముడికి కూడా ఏవగింపు కలిగే పేరు పెట్టడం అప్పటి ఆచారం. నాన్నకు వాళ్ళమ్మ పేరు పెట్టుకోవాలని ఉంది. ఆవిడది కూడా అలాంటి దిబ్బపేరే అని ఎవరో ముసలమ్మ చెప్పిందట. పేరేమిటో మాత్రం ఆ ముసలమ్మకూ తెలియదు. ఇంకేం, అమ్మ కోరికా నాన్న కోరికా ఒక్కచోటే కలిశాయి. తాతయ్య నోరు విప్పడమే తరువాయి.

నాన్న ఆ రోజు అడిగిన తీరు నాకు కళ్ళకు కట్టినట్టుంది. తాతయ్య అరుగు మీద కూర్చుని కొబ్బరితాడు పేనుతున్నాడు. నాన్న ఎదురుగా నిలబడ్డాడు, ఏదో తప్పు చేసిన పిల్లాడిలా.

"అయ్యా, పిల్లకి మా అమ్మ పేరు పెట్టుకుంటాను. చెప్పు."

"నోటితో ఎలా చెప్పమంటావురా? పెళ్ళాం పేరు మొగుడెత్తుతాడా?"

"ఆవిడ పోయి నా వయసంత కాలమైంది. ఇంకా ఏ ఆయువు తగ్గుతుందని?"

తాతయ్య తాడు పేనడం ఆపలేదు. మా నాన్న పెద్ద మాటకారి కాదు. చివరికి, "నేనావిణ్ణి చూడలేదు. ఏమని పిలిచేవారో కూడా తెలీకుండా పోతానా?" అన్నాడు. ఆ మాటకు తాతయ్య చేతులు ఆగాయి.

"పాటలో ఉందిరా. నోటితో చెప్పను గానీ, పాటలో వస్తుంది."

"అయితే పాడు."

"ఈ ఇంట్లో పాడను. అయినా నేను పాడితే ఏముంది, మీ నలుగురూ వింటారు. నరసాపురంలో నవమి పందిట్లో వందమంది కలిసి పాడుతున్నారట నా పాట. మొన్న పడవెక్కినాయన చెప్పేడు. నీకు పనుంటుంది, పిల్లాణ్ణి తీసుకెళ్తాను. వాడు వందమంది నోట విని, వచ్చి నీకు చెప్తాడు."

తలుపు వెనక పిల్లకు పాలిస్తున్న మా అమ్మ ఊరుకోలేదు. "పాటగాళ్ళింట్లో పేరు కూడా ఏరు దాటి తెచ్చుకోవాలి కాబోలు," అంది.

తాతయ్య నవ్వాడు. "ఆయ్, దాటే తెచ్చుకోవాలమ్మా. దానికి అంత విలువుంది."

ఆ గర్వం నాకప్పుడు అర్థం కాలేదు. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టి, కాలవలు తవ్వుతున్న కొత్త రోజులవి. ఎక్కడ చూసినా మట్టి పని, కొత్త నీళ్ళు, ఆ నీళ్ళ మీద కొత్త పడవలు. ధాన్యం ఎక్కడెక్కడికో పోతోంది, దాని వెంటే పాటలూ పోతున్నాయి. మా రేవులో పుట్టిన పాట ముఖం తెలియని ఊళ్ళో ఎవరో పాడుతున్నారంటే, అది కట్టినవాడికి ఎంతటిదో తర్వాత చాలా ఏళ్ళకు గాని నాకు తెలియలేదు.

నవమినాడు పొద్దున్నే బయలుదేరాం. తాతయ్య ఉతికిన పంచె కట్టుకున్నాడు. పడవ మరొకరికి అప్పగించి, తను ప్రయాణికుడిలా నా పక్కన కూర్చున్నాడు. కూర్చున్నాడన్న మాటే గాని, తెడ్డు పడినప్పుడల్లా ఆయన భుజం కదులుతూనే ఉంది. సగం ఏరు దాటాక ఆ పాట సంగతి చెప్పాడు. నాతో అంతసేపు మాట్లాడింది అదే మొదలు.

పెళ్ళైన కొత్తలో మామ్మ ఏదో మాటకు అలిగి పుట్టింటికి పోయిందట. ఎన్ని కబుర్లు పంపినా రాలేదు. తాతయ్య పడవ వేసుకుని వాళ్ళ పల్లె రేవు దాకా వెళ్ళి, ఒడ్డు ఎక్కకుండా నీళ్ళలోనే ఉండి పాట ఎత్తుకున్నాడు.

ఏ రేవున దిగినావే, చెప్పకుండ దిగినావే,
పోటు వచ్చి పోయెనే, పాటు వచ్చి పోయెనే,
పోయిన నువ్వొకతెవే రాకపోతివే.

చివరి చరణంలో ఆవిడ పేరు పెట్టి పిలిచాడు. ఆవిడకు తన పేరంటే చచ్చేంత సిగ్గు. అత్తారింట్లో ఎవరూ ఆ పేరు ఎత్తనందుకు లోపల్లోపల సంతోషించేదట. అలాంటిది రేవు రేవంతా వినేలా మొగుడు పాడేసరికి మండిపడుతూ పరుగెత్తుకొచ్చి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "ఆ పాడు పేరు ఊరందరి ముందూ ఎత్తుతావా? నీకసలు బుద్ధుందా?" అని తిట్టిందట.

"నేనేమన్నానో తెల్సా? 'పిచ్చిదానా, పదిమంది పాడితే ఆ పేరే బంగారమవుద్ది. అయ్యేదాకా పాడిస్తాను చూడు' అన్నాను. అలా తిడతానే పడవెక్కేసింది."

మరుసటి ఏడు నాన్న పుట్టాడు, ఆవిడ పోయింది. నవ్వించడానికి కట్టిన పాట, ఒక్క మాట మార్చకుండానే, ఏడుపు పాట అయి కూర్చుంది. అందుకే పాడటం మానేశాడు. కాని అప్పటికే తోటి పడవలవాళ్ళ నోట పడి అది ఏరు దాటిపోయింది.

"సరిగ్గా విను. 'ఊరు నిన్ను మరిచినా ఊరుకోదు నా నోరు' అని వస్తుంది. దాని వెనకాలే వచ్చేది మీ మామ్మ పేరు. అందులో దేవుడూ ఉండడు, దేవతా ఉండదు. చిన్న పేరు. జాగర్తగా పట్టుకో."

నేను పట్టుకుంటానన్నాను. దారి పొడుగునా ఆ పాదాన్ని నాలో నేను అనుకుంటూనే ఉన్నాను. పేరు వచ్చే చోటికి చేరి ఆగిపోయేవాణ్ణి. పండుగనాడు మూత పెట్టిన గిన్నె ముందు కూర్చున్నట్టుండేది.

నరసాపురంలో ఒక పెద్ద వీధిలో కొబ్బరాకుల పందిరి వేశారు. పానకం కడవలు, వడపప్పు, విసనకర్రలు. లోపల భజనవాళ్ళు, చుట్టూ ఊళ్ళోవాళ్ళు, పందిరి అంచున ఎండలో మా బోటివాళ్ళం. భజన పెద్ద తెల్లటి గడ్డం ఉన్న మనిషి. చిడతలు పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ పాడిస్తున్నాడు. చాలా పాటలయ్యాయి. తాతయ్య నా భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. ఉన్నట్టుండి ఆ చెయ్యి బిగుసుకుంది. "ఏ రేవున దిగినావే" అని ఎత్తుకున్నారు.

అది మా రేవులో పాటలా లేదు. మద్దెల దరువు మీద నున్నగా, బరువుగా నడుస్తోంది. అడవిలో సీతమ్మ కనపడక రాముడు గోదావరి గట్టున వెతుక్కుంటున్నాడని భజన పెద్ద మధ్యమధ్య చెప్తున్నాడు. ముందు వరసలో ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. నాకు అదేమీ పట్టలేదు. నేను చెవులు రిక్కించుకుని ఆ పాదం కోసం కాచుకుని ఉన్నాను. వచ్చింది.

ఊరు నిన్ను మరిచినా ఊరుకోదు నా నోరు,
సీతమ్మా అని పిలిచితే పలకవేమే.

నాకు పట్టరాని సంతోషం వేసింది. మామ్మ పేరు సీతమ్మ! తాతయ్యకేసి తిరిగాను. ఆయన లేచి నిలబడి ఉన్నాడు.

"బాబూ, అక్కడ మాట అది కాదండి."

మద్దెల ఆగింది. భజన పెద్ద చెయ్యి కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎండలోకి చూశాడు. "ఏది కాదంటావు?"

"సీతమ్మ కాదండి."

పందిరి గొల్లుమంది. ఎవరో కుర్రవాడు, "రాముడు సీతమ్మను కాక మీ ఇంటిదాన్ని పిలుస్తాడా తాతా?" అన్నాడు. మళ్ళీ నవ్వారు.

"రాముడు కాదండి పిలిచింది. నేనండి."

ఆ మాట అన్న తీరుకు నవ్వు తగ్గింది. భజన పెద్ద చెడ్డవాడు కాదు. అది ఇక్కడ చెప్పి తీరాలి. ఆయన దగ్గరికి వచ్చి, ఏ ఊరు, ఎవరివాళ్ళు అని అడిగి, "ఈ పాట నువ్వు కట్టేవా?" అన్నాడు. తాతయ్య "ఆయ్" అన్నాడు. నమ్మాడో లేదో గాని ఆ పెద్దమనిషి పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. "అయితే ఎండలో ఎందుకు, లోపలికి రా. నువ్వు పాడు. నీ మాట ఏదైతే అదే పాడుకో. మేం వంత పాడతాం."

మా తాతయ్య తలగుడ్డ తీసి నా చేతిలో పెట్టి, కాళ్ళు కడుక్కుని పందిట్లోకి వెళ్ళాడు. చిడతలు ఇవ్వబోతే వద్దన్నాడు. మద్దెలవాణ్ణి కూడా ఆగమన్నాడు. ఎప్పుడో మానేసిన పాటను అక్కడ, తెలియనివాళ్ళ మధ్య, ఎత్తుకున్నాడు.

అలాంటి పాట నేను మళ్ళీ వినలేదు. తర్వాత పట్నాల్లో ఉన్నాను, పత్రికల పని మీద పెద్ద పెద్ద కచేరీలకు వెళ్ళాను, పేరున్నవాళ్ళను ఎదురుగా కూర్చుని విన్నాను. అయినా వినలేదు. భజనవాళ్ళు నున్నగా చేసినదాన్ని ఆయన మళ్ళీ గరుకుగా చేశాడు. తెడ్డు నీళ్ళలోంచి లేచే చోట ఊపిరి తీసుకున్నాడు, పడే చోట మాట వేశాడు. "చెప్పకుండ దిగినావే" అన్నప్పుడు అందులో కోపం ఉంది, బతిమాలడం ఉంది, కాస్త నవ్వు కూడా ఉంది. ఆ నవ్వే వింటున్న మనిషిని చంపేసింది. వీధిలో పోయేవాళ్ళు ఆగారు. పానకం పోస్తున్న మనిషి గరిటె కడవలోనే వదిలేశాడు. భజన పెద్ద కళ్ళు మూసుకుని తల అడ్డంగా ఊపుతున్నాడు, కన్నీళ్ళు గడ్డంలోకి దిగుతున్నాయి. పాట ఎవరిదన్న అనుమానం అక్కడ ఎవరికీ మిగల్లేదు.

చివరి చరణం వచ్చింది. "ఊరు నిన్ను మరిచినా ఊరుకోదు నా నోరు" అన్నాడు. ఆగాడు. తెడ్డు లేచే చోటు అది, ఆగాలి. కాని కాస్త ఎక్కువసేపు ఆగాడు. నేను తలగుడ్డ గుండెకు అదుముకుని, నోరు తెరుచుకుని, ఆ చిన్న పేరు కోసం చూస్తున్నాను. తాతయ్య పందిరి మొత్తం ఒకసారి చూశాడు. ముందు వరసలో ఆడవాళ్ళు దేవుడి ముందు నిలబడ్డట్టు చేతులు జోడించి ఉన్నారు. వంత అందుకోవడానికి వందమంది ఊపిరి బిగబట్టి ముందుకు వంగారు. వాళ్ళు ఏ మాట అందుకోవడానికి సిద్ధంగా ఉన్నారో ఆయనకు తెలుసు.

"సీతమ్మా" అని పిలిచాడు మా తాతయ్య.

పందిరి ఎగిరిపోయేలా అందుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుని మళ్ళీ అన్నాడు, వాళ్ళు మళ్ళీ అందుకున్నారు. ఆ ముఖం నాకింకా గుర్తుంది. అందులో బాధ లేదు. పెద్ద అల మీదికి పడవ ఎక్కినప్పుడు పడవవాడి ముఖంలో ఉండే వెలుగు ఉంది.

పాట అయ్యాక భజన పెద్ద ఆయన భుజాల చుట్టూ కొత్త పంచె కప్పాడు. కప్పుతూ, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. "నీ మాట పాడతావనుకున్నాను. మా మాటే పాడేవేం?"

తాతయ్య పంచె అంచు సర్దుకుంటూ, "అదే బాగుందండి," అన్నాడు.

తిరుగు పడవలో ఆయన ఆగకుండా మాట్లాడాడు. ఎంతమంది చూశావా, ఆ పెద్దాయన ఏడ్చాడు చూశావా, పైఏడు తప్పకుండా రమ్మన్నారు విన్నావా అని. నేను అన్నిటికీ ఊ కొట్టాను. ఏరు సగం దాటాక, పొద్దున ఆయన పాట సంగతి చెప్పిన చోట కాబోలు, మాటలు ఆగిపోయాయి. అప్పుడు అడిగాను.

"తాతా, మామ్మ పేరు?"

"విన్నావు కదా."

"ఆ పేర్లో దేవత ఉండదన్నావు కదా?"

తాతయ్య తెడ్డు వేస్తున్నవాణ్ణి లేపి తను కూర్చున్నాడు. రేవు వచ్చేదాకా వేస్తూనే ఉన్నాడు, ఎవరో తరుముతున్నట్టు.

నాన్న రేవులోనే నిలబడి ఉన్నాడు. పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కాళ్ళ నిండా బురద. నన్ను పడవలోంచి ఎత్తి దింపి, కూర్చుని, నా ముఖంలోకి చూస్తూ "చెప్పు" అన్నాడు. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాను. సీతమ్మ అని వాళ్ళు పాడటం, తాతయ్య కాదనడం, లోపలికి పిలవడం, తాతయ్య కూడా సీతమ్మ అనే పాడటం, అదే బాగుందండి అనడం. అంతా విన్నాక నాన్న లేచి తాతయ్య దగ్గరికి వెళ్ళాడు.

"అయ్యా, మా అమ్మ పేరేంటి?"

"సీతమ్మ," అన్నాడు తాతయ్య.

తడుముకోలేదు. గొంతు తగ్గించలేదు. పొరుగింటి పిల్ల పేరు చెప్పినట్టు చెప్పేశాడు. ఊహ తెలిసిన దగ్గరనుంచి నాన్న అడుగుతూ వచ్చిన ప్రశ్నకు, పెళ్ళాం పేరు నోటితో ఎత్తనని అంతకాలం భీష్మించుకున్న మనిషి, రేవులో నిలబడి, అంత తేలిగ్గా జవాబు చెప్పాడు. అంత తేలిగ్గా చెప్పాడు కాబట్టే అది ఆవిడ పేరు కాదని నాన్నకు తెలిసిపోయింది. నాన్న ముఖం నాకు కనపడలేదు. వెన్ను మాత్రమే కనపడింది. ఆ వెన్ను వంగి, పడవ తాడు అందుకుని, గుంజకు కట్టడం మొదలుపెట్టింది.

మర్నాడు బాలసార. పందిట్లో కప్పిన కొత్త పంచెను ఉయ్యాలగా కట్టి అందులో చెల్లెల్ని పడుకోబెట్టారు. మామగారి మాట కాదనకూడదని అమ్మ దిబ్బపేరు గొడవ మానుకుంది. కాని ఉయ్యాల ఊపుతూ, "అంత గొప్ప పేరైతే ఇన్నాళ్ళూ ఎందుకు దాచుకున్నారో!" అని మాత్రం అంది. నాన్న చెల్లెలి చెవిలో "సీతమ్మ" అన్నాడు. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నాన్న లేచి బయటికి వెళ్ళిపోయాడు. మళ్ళీ ఎప్పుడూ ఆ ప్రశ్న అడగలేదు.

ఆ తర్వాత మా తాతయ్యకు మంచి పేరు వచ్చింది. ప్రతి నవమికీ అక్కడినుంచి పిలుపు, ఆ పైన వాడపల్లి, ఇంకా ఏవేవో ఊళ్ళు. ఎక్కడికి పోయినా ఆ పాటే పాడమనేవారు. పాడేవాడు, ప్రతిసారీ పందిరి కన్నీళ్ళు పెట్టుకునేది. నేనూ వెంట వెళ్ళేవాణ్ణి. ప్రతిసారీ ఆ పాదం దగ్గర, ఈసారైనా అని చెవి రిక్కించేవాణ్ణి. క్రమంగా మానేశాను. ఒక సంగతి మాత్రం గమనించాను. మొదట్లో ఆ చోట ఆయన కాస్త ఎక్కువసేపు ఆగేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ ఆగడం తగ్గింది. చివరికి అందరిలాగే సాఫీగా దాటిపోయేవాడు.

ఆయన మంచం పట్టినప్పుడు నాన్న రాత్రీ పగలూ పక్కనే ఉన్నాడు. అడుగుతాడేమోనని నేను చూశాను. అడగలేదు. అడగకపోయినా చెప్తాడేమోనని ఎదురుచూస్తున్నట్టుండేది నాన్న కూర్చున్న తీరు. ఒక మధ్యాహ్నం తాతయ్య కళ్ళు తెరిచి, పెదవులు కదిపి, గొంతులోనే ఆ పాట అనుకోవడం మొదలుపెట్టాడు. నాన్న చెవి దగ్గరగా పెట్టాడు. "ఊరుకోదు నా నోరు" దాకా వచ్చి తాతయ్య ఆగాడు. నుదురు ముడిపడింది. ఏదో వెతుకుతున్నాడు. అలా వెతికి వెతికి, చేతికి అదే దొరికినట్టు, "సీతమ్మా" అన్నాడు. దాచుకున్నాడని మేము అన్నాళ్ళూ అనుకున్నాం. ఆ పూట ఆయన ముఖం చూశాక తెలిసింది, దాచుకున్నది ఎప్పుడో పోయింది. అన్నేళ్ళు వందమంది నోట పడి నలిగిన మాట ఆయన నోట్లోని మాటను కూడా తినేసింది. నాన్న చెవి వెనక్కి తీసుకుని దుప్పటి సరిచేశాడు.

ఎవరికీ ఏ నష్టమూ జరగలేదు. మా చెల్లెలు నిక్షేపంలా ఉంది, మనవల్ని ఎత్తింది. భజన పందిళ్ళలో ఆ పాట ఇప్పటికీ పాడుతున్నారు. ఈ మధ్య తీర్థంలో కొన్న అచ్చు పుస్తకంలో కూడా చూశాను. ఎవరు కట్టారో తెలియదని కింద వేశారు. మా తాతయ్య తన పేరు పెట్టుకోవలసిన చోటును పెళ్ళానికి ఇచ్చాడు, ఆవిడ చోటును వందమందికి ఇచ్చేశాడు. చివరికి ఆ పాటలో ఇద్దరూ లేరు. నష్టపోయింది ఎవరంటే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తిట్టి, ఆ మాట నమ్మి పడవెక్కిన మనిషి ఒక్కతె.

ఈ వయసులో కూడా ఎవరైనా సొంత పాట కట్టి గుండె కరిగేలా పాడితే నేను కదిలిపోతాను. ఆ రోజు పందిట్లో ఎలా కదిలానో అలాగే. కాని అందరూ చప్పట్లు కొడుతుంటే నా కళ్ళు పాటగాడి ముఖం మీద ఉంటాయి. అతను ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నాడో, ఎక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాడో చూస్తాను. ఆగిన చోట ఎవరిని దింపేసి వచ్చాడా అనిపిస్తుంది. మనిషి మీద ప్రేమతో పాట పుడుతుందని అందరూ అంటారు, నిజమే. పుట్టిన తర్వాత ఆ ప్రేమ ఎటు పోతుందో నేను ఆ నవమినాడు చూశాను.

ఇంట్లో పిల్లలు అడిగితే ఆ పాట నేనూ పాడుతుంటాను. మా చెల్లెలు పక్కన ఉంటే, తన పేరున్న పాట అని, వాళ్ళ మామ్మ పేరే తనకు పెట్టారని మురిసిపోతుంది. అసలు సంగతి దానికి నేను ఎప్పుడూ చెప్పలేదు. ఊరు నిన్ను మరిచినా ఊరుకోదు నా నోరు అని, అక్కడ ఆగుతాను. ముందుకు పోను. నాకు మతిమరుపు వచ్చిందనుకుని మనవలు పక్కనుంచి అందిస్తారు, "సీతమ్మా, తాతా, సీతమ్మా" అని. వాళ్ళు అందించేది నాకు తెలిసిన మాటే. నేను ఆగేది తెలియని మాట కోసం.